కిడ్నీ దొరికేదాకా ఇంట్లోనే: పొట్ట డయాలిసిస్ ట్విన్ బ్యాగ్ సెట్ రివ్యూ

ఇక్కడ తూకం వేస్తున్నది సీఏపీడీ ట్విన్ బ్యాగ్ సెట్‌ని. మనవైపు దీన్నే పొట్ట డయాలిసిస్, సంచుల డయాలిసిస్ అంటారు. సంచిలోని మందు నీటిని పొట్టలోకి నింపి కొన్ని గంటలు ఉంచితే, పొట్ట లోపలి పొర గుండా ఒంట్లోని మలినాలు, అదనపు నీరు అందులోకి వస్తాయి; ఆ నీటిని బయటికి తీసేస్తారు. ఉన్నట్టుండి కిడ్నీలు చెడిపోయి, మెడలో పైపుతో డయాలిసిస్ మొదలుపెట్టి, చనిపోయినవాళ్ల అవయవాలు కేటాయించే జీవన్‌దాన్ జాబితాలో పేరు రాయించుకుని ఎదురుచూస్తున్నవాళ్లకు ఇది పనికొస్తుందా, వస్తే ఎలాంటి ఇంట్లో అన్నది చూద్దాం. తీర్పు ముందే చెప్పేస్తున్నాం. డయాలిసిస్ సెంటర్‌కు వెళ్లి రావడానికే సగం రోజు పోయేవాళ్లకు, ఇంకా కాస్తో కూస్తో మూత్రం వస్తున్నవాళ్లకు, శుభ్రత విషయంలో రాజీపడని మనిషి ఒకరు ఇంట్లో ఉన్నవాళ్లకు దీన్ని మించింది లేదు. సెంటర్ దగ్గర్లోనే ఉండి, ఇల్లు ఒక్క గదిదై, నెలనెలా డబ్బు సర్దడం గండమైతే మాత్రం మిషన్ డయాలిసిసే మేలు.

‘హఠాత్తుగా కిడ్నీ ఫెయిలైంది’ అన్న మాటలో రెండు వేరువేరు సంగతులు కలిసిపోతుంటాయి. పాముకాటు, తీవ్రమైన విరేచనాలు, నొప్పి మాత్రలు, కాన్పులో రక్తస్రావం లాంటివాటితో దెబ్బతిన్న కిడ్నీలు చాలామందిలో కొన్ని వారాలకు మళ్లీ పనిలోకి వస్తాయి. రెండో రకంలో షుగరో, బీపీయో, ఉద్దానం వైపైతే కారణం తేలని జబ్బో ఏళ్ల తరబడి లోలోపల తినేస్తూ వచ్చి, చివరికి ఒక జ్వరంతోనో వాంతులతోనో బయటపడుతుంది. ఇంట్లోవాళ్లకు అది నిన్న వచ్చిన జబ్బులాగే కనిపిస్తుంది. స్కాన్‌లో కిడ్నీలు కుంచించుకుపోయి కనిపిస్తే రెండో రకమే అయి ఉంటుంది. షుగర్ ఉన్నవాళ్లలో మాత్రం సైజు మామూలుగానే ఉండొచ్చు. మొదటి రకమైతే మూడు నెలలు ఆగి చూడకుండా కిడ్నీ మార్పిడి ఆలోచన చేయకూడదు. వారానికొకసారి 24 గంటల మూత్రం పట్టి కొలవండి. డయాలిసిస్‌కు ముందు తీసిన క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే రక్తపరీక్ష) ఒకే కాగితం మీద వరసగా రాసుకోండి. మూత్రం పెరుగుతూ, క్రియాటినిన్ వారం వారం దానంతటదే దిగుతుంటే కిడ్నీ కోలుకుంటున్నట్టే. ఆ సంగతి డాక్టరు కళ్లబడేదాకా ఆగకుండా మీరే అడగాలి.

ఇంకో సంగతి, ఈ సెట్ మొదటి రాత్రికి పనికొచ్చేది కాదు. ఊపిరితిత్తుల్లో నీరు చేరి కూర్చోలేక పోతున్నా, పొటాషియం పెరిగి ఈసీజీ మారిపోతున్నా గంటల్లో దించగలిగేది మిషనే. ఆ గండం గడిచాక, మెడ పైపు ఉండగానే పొట్ట పైపు గురించి మాట్లాడటం మొదలుపెట్టాలి. ఎందుకంటే పైపు వేశాక గాయం మానడానికి రెండు వారాలు ఇవ్వాలి. తొందరపడి మొదటి రోజే రెండు లీటర్లు నింపితే పైపు పక్కనుంచి నీరు కారుతుంది, ఆ తడిలోనే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. తప్పనిసరై వెంటనే మొదలుపెడితే రోగిని పడుకోబెట్టి, కొద్దికొద్దిగా మాత్రమే నింపుతారు.

సెట్‌లో ఏముంటుందంటే: బొడ్డు పక్కన పెట్టే మెత్తటి సిలికాన్ గొట్టం, దాన్ని టెంకాఫ్ క్యాథెటర్ అంటారు. దాని మీద ముతక గుడ్డచుట్టలాంటి కఫ్‌లు రెండు. ఒకటి పొట్ట కండలో, ఒకటి చర్మం కింద ఉంటుంది. కండ వాటిలోకి అల్లుకుని గొట్టాన్ని పట్టి ఉంచుతుంది, క్రిములు లోపలికి పాకకుండా అడ్డుకుంటుంది. బయటి కొసకు జానెడు పొడవున ట్రాన్స్‌ఫర్ సెట్, దానికి తిప్పి మూసే బిరడా. దీన్ని ఆరు నెలలకోసారి ఆసుపత్రిలోనే మార్పించుకోవాలి. ఇక ట్విన్ బ్యాగ్ అంటే ఒక సంచిలో రెండు లీటర్ల మందు నీరు, ఇంకోటి ఖాళీ సంచి, రెండింటినీ కలిపే వై ఆకారపు పైపు. చివరగా మూత, లోపల అయోడిన్‌లో తడిపిన చిన్న స్పంజి ఉంటుంది. మూత ఒక్కసారికే. కడిగి మళ్లీ వాడినా, కింద పడ్డది తీసి పెట్టినా పదో పరకో మిగలవచ్చు, ఆ తర్వాత యాంటీబయాటిక్‌లకు వేలు పోతాయి.

మన దగ్గర బ్యాక్స్‌టర్, ఫ్రెజీనియస్ రకాలు కనిపిస్తాయి. ఒకదాని జాయింటు ఇంకోదానికి పట్టదు. పైపు వేసేటప్పుడు ఏ కంపెనీ ట్రాన్స్‌ఫర్ సెట్ బిగించారో ఫైల్లో రాయించుకోండి. వేరే ఊళ్లో ఉన్నప్పుడు సంచులు కొనాల్సి వస్తే అక్కరకొస్తుంది. బ్యాక్స్‌టర్ కిడ్నీ విభాగం 2025లో విడిపోయి వాంటివ్ అయింది. కాబట్టి డబ్బా మీద పేరు మారితే కంగారు పడక్కర్లేదు, జాయింటు అదేనా కాదా అని మాత్రం చూసుకోవాలి.

సంచి మార్చడం ఎలాగో చెబితేగానీ ఈ వస్తువు మంచిచెడ్డలు తెలియవు. రోజుకు మూడు నాలుగు సార్లు, ఒక్కోసారి అరగంట నుంచి ముప్పావుగంట పడుతుంది. ముందు తలుపులు, కిటికీలు వేసి ఫ్యాన్, ఏసీ ఆపాలి. ఫ్యాన్ రెక్కల మీది దుమ్మే ఆ గదిలో అన్నిటికన్నా పెద్ద శత్రువు. చేసేవాళ్లూ, రోగీ, ఆ గదిలో ఉన్నవాళ్లంతా మాస్కు కట్టుకోవాలి. బల్లను స్పిరిట్‌తో తుడిచి సంచి, మూత, రెండు క్లిప్పులు వరసగా పెట్టుకోవాలి. ఉంగరాలు, గాజులు, చేతి గడియారం తీసేసి సబ్బుతో వేళ్ల సందులు, గోళ్ల కింద, మణికట్టు దాకా రుద్ది కడిగి, శుభ్రమైన పొడిగుడ్డతో ఒత్తుకోవాలి. తడి చేత్తో ఏదీ ముట్టుకోకూడదు.

పై కవరు చించాక సంచిని గట్టిగా ఒత్తి చూడండి, చెమ్మ కనిపిస్తే పక్కన పడేయడమే. తేదీ, మందు శాతం, నీరు తేటగా ఉందా లేదా అన్నవి చదివి, పైకి చెప్పుకోండి. పైకి చెప్పడం పిల్లచేష్టలా అనిపిస్తుంది గానీ రాత్రి పదింటికి నిద్రమత్తులో తప్పు సంచి వేలాడదీయకుండా కాపాడేది ఆ అలవాటే. ఆ తర్వాత మందు సంచి భుజం కన్నా ఎత్తులో, ఖాళీ సంచి నేల మీద శుభ్రమైన పళ్లెంలో.

అసలు ప్రమాదమంతా ఆ తర్వాతి మూడు నాలుగు సెకన్లలోనే ఉంది. ట్రాన్స్‌ఫర్ సెట్ మూత తీసి, సంచి పైపు కొసకున్న రింగు లాగి, రెండు కొసలనూ కలిపి తిప్పాలి. కొస తెరుచుకుని ఉన్న ఆ క్షణంలో వేలు తగిలినా, లుంగీ అంచు తగిలినా, దగ్గు వచ్చినా క్రిములకు నేరుగా పొట్టలోకి దారి దొరికినట్టే. అందుకే తెరిచిన కొసను నేలవైపు వంచి పట్టుకోవడం, మాట్లాడకుండా ఉండటం, కలిపేదాకా కళ్లు తిప్పకపోవడం నేర్పిస్తారు. ఎక్కడైనా తగిలిందన్న అనుమానం వస్తే ‘ఫర్వాలేదులే’ అనుకోవద్దు. సంచి తగిలితే సంచి మార్చాలి. పొట్టవైపు కొసే తగిలితే లోపలికి ఏమీ నింపకుండా బిరడా బిగించి, క్లిప్పు వేసి, కొత్త మూత పెట్టి నేరుగా ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ ట్రాన్స్‌ఫర్ సెట్ మార్చి, ముందు జాగ్రత్తగా యాంటీబయాటిక్ ఇస్తారు.

కలిపాక మొదట పాత నీరు కిందికి వదలాలి, పావుగంట నుంచి ఇరవై నిమిషాలు. అయ్యాక పొట్టవైపు బిరడా మూసి, పై సంచి సీలు విరిచి, మెల్లగా అయిదు లెక్కపెట్టేదాకా కొత్త నీటిని పొట్టలోకి కాకుండా కింది సంచిలోకే వదలాలి. దీన్నే ఫ్లష్ అంటారు. పైపులోని గాలి పోతుంది, కలిపేటప్పుడు కొస మీద ఏమైనా పడి ఉంటే అదీ కొట్టుకుపోతుంది. చాలామంది అలవాటు పడ్డాక ఎగ్గొట్టే మెట్టు ఇదే. ఎగ్గొట్టినవాళ్లకు భుజం నొప్పి వస్తుంది. లోపలికి పోయిన గాలి పైకి చేరి డయాఫ్రమ్‌ను, అంటే పొట్టకూ ఛాతీకీ మధ్య ఉండే కండర పొరను, నొక్కడం వల్ల వచ్చే నొప్పి అది. ఫ్లష్ అయ్యాక కింది పైపుకు క్లిప్పు వేసి పొట్ట నింపాలి, పది నిమిషాలు. బిరడా మూయాలి, పైపులకు క్లిప్పులు వేయాలి, కొత్త మూత బిగించాలి. అయిపోయింది. మళ్లీ నాలుగు నుంచి ఆరు గంటల తర్వాత. రాత్రి నింపింది తెల్లారేదాకా ఉంటుంది.

తీసిన నీటి సంచిని పారబోసే ముందు రెండు పనులు చేయాలి. సంచిని వార్తాపత్రిక మీద పెట్టండి, అక్షరాలు చదవగలగాలి. లేత పసుపు రంగులో తేటగా ఉంటే మంచిది. తెల్లటి దారపు పోగుల్లాంటివి తేలితే అది ఫైబ్రిన్. ఎక్కువైతే డాక్టరు సంచిలో హెపారిన్ (గడ్డకట్టకుండా చేసే మందు) కలపమంటారు. నెలసరి రోజుల్లో ఆడవాళ్లకు నీరు లేత గులాబీ రంగులో రావచ్చు, మామూలుగా భయపడాల్సింది ఉండదు. అక్షరాలు మసకగా కనిపిస్తే, గంజినీళ్లలా ఉంటే అది పెరిటోనైటిస్, అంటే పొట్టలో ఇన్ఫెక్షన్ అనే లెక్కేసుకోవాలి. నొప్పి, జ్వరం వచ్చేదాకా చూడొద్దు. మసక నీరే మొదటి గుర్తు కావచ్చు. ఆ సంచిని పారబోయకుండా క్లిప్పు వేసి ఆసుపత్రికి పట్టుకెళ్లండి. ఎంత రాత్రయినా ఆ రోజే వెళ్లాలి. అక్కడ కణాలు లెక్కిస్తారు. మైక్రోలీటరుకు 100కు మించి తెల్లకణాలుండి, వాటిలో సగానికి పైగా న్యూట్రోఫిల్స్ అయితే ఖాయం. ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకు పంపి, యాంటీబయాటిక్‌ను డయాలిసిస్ నీటిలోనే కలిపి పొట్టలోకి ఎక్కిస్తారు. రెండు మూడు వారాల వైద్యం. అయిదు రోజులైనా నీరు తేటపడకపోతే పైపు తీసేయడం గురించి ఆలోచిస్తారు. ఫంగస్ అని తేలితే ఆలస్యం చేయకుండా తీసేస్తారు. పైపు పోతే మళ్లీ మెడ పైపుకు, మిషన్‌కు. అంతేకాదు, ఇన్ఫెక్షన్ తగ్గేదాకా జాబితాలో మీ పేరు పక్కన పెడతారు. ఆ వారాల్లో మీ గ్రూపు కిడ్నీ వచ్చినా అది ఇంకొకరికి వెళ్తుంది. మూతను, మాస్కును ఇంత పట్టింపుగా చెప్పడం అందుకే.

రెండో పని తూకం వేయడం. స్ప్రింగ్ కాటా ఒకటి కొనుక్కోండి. నింపింది ఎంత, వచ్చింది ఎంత అని ప్రతిసారీ నోటుబుక్కులో రాయాలి. తేడా ఎంతో ఒంట్లోంచి అంత నీరు తీసినట్టు. రోజు మొత్తం మీద తీసిన నీరు, మూత్రం కలిపి లెక్కేస్తేనే మీరు ఎంత తాగొచ్చో తేలుతుంది. కొలత లేకుండా ‘బాగానే వస్తోంది’ అనుకునే ఇళ్లలోనే ఒక తెల్లవారుజామున ఆయాసంతో అంబులెన్సు పిలవాల్సి వస్తుంది. మామూలుగా నింపింది నింపినట్టు రావాలి, కాస్త ఎక్కువ రావాలి. వరసగా రెండుసార్లు తక్కువ వస్తే మొదట అడగాల్సిన ప్రశ్న మలబద్ధకం ఉందా అని. పేగు నిండి పైపును నొక్కేస్తుంది. చాలా కేసుల్లో లాక్టులోజ్ సిరప్‌తో రెండు విరేచనాలు అయితే పైపు దానంతటదే తెరుచుకుంటుంది. అది కాకపోతే పైపు మెలికపడిందా, బిరడా పూర్తిగా తెరిచామా, అటు ఇటు ఒత్తిగిలితే వస్తుందా చూడాలి. అదీ కాకపోతే కొస పైకి జరిగిందేమో ఎక్స్‌రేలో తెలుస్తుంది.

సంచి రింగుల రంగులు శాతాన్ని చెబుతాయి. బ్యాక్స్‌టర్ రకంలో పసుపు 1.5 శాతం, ఆకుపచ్చ 2.5, ఎరుపు 4.25. శాతం పెరిగేకొద్దీ నీరు ఎక్కువ లాగుతుంది. లాగేది గ్లూకోజే కాబట్టి దానిలో సగానికి పైగా ఒంట్లోకే పోతుంది. రెండు లీటర్ల పసుపు సంచిలో 30 గ్రాములు, ఎరుపు సంచిలో 85 గ్రాములు ఉంటుంది. పసుపు సంచి ఒంటికి ఒక ఇడ్లీ తిన్నంత శక్తినిస్తే, ఎరుపు సంచి కప్పు అన్నానికి దగ్గరగా ఇస్తుంది. షుగర్ ఉన్నవాళ్లు ఈ లెక్కతో అన్నం తగ్గించుకోవాలి, ఇన్సులిన్ డోసు డాక్టరుతో సరిచేయించుకోవాలి. ఎరుపు సంచి పండగ పూట ఉప్పు ఎక్కువ తిన్నప్పుడు వాడుకునే మందుగా మారితే ఆ ఇంట్లో ఏదో తేడా వచ్చిందన్నమాట. ఉప్పు తగ్గిస్తే దాహం తగ్గుతుంది, దాహం తగ్గితే ఎరుపు సంచి అవసరమే ఉండదు. అదే పనిగా వాడితే కాలక్రమంలో పొట్ట పొర కూడా పాడవుతుంది.

ఊదా రంగు సంచి ఒకటుంది, ఐకోడెక్స్‌ట్రిన్, 7.5 శాతం. గ్లూకోజ్ కాదు, రాత్రంతా ఉంచినా నీరు లాగుతూనే ఉంటుంది, రోజుకు ఒక్కటే. మంచి సరుకే, ధర ఎక్కువ. దీంట్లో ప్రాణం మీదికి తెచ్చే చిక్కు ఒకటుంది. ఇది ఒంట్లో మాల్టోజ్‌గా మారుతుంది. జీడీహెచ్-పీక్యూక్యూ పద్ధతి స్ట్రిప్పులతో పనిచేసే షుగర్ మిషన్లు ఆ మాల్టోజ్‌ను కూడా గ్లూకోజ్‌గా లెక్కేసి లేని షుగర్ చూపిస్తాయి. అది చూసి ఇన్సులిన్ పెంచితే మనిషి షుగర్ పడిపోయి స్పృహ తప్పుతాడు, మిషన్ మాత్రం 200 అని చూపిస్తూనే ఉంటుంది. ఊదా సంచి రాశారంటే స్ట్రిప్పుల డబ్బా డాక్టరుకు చూపించాకే వాడండి. ఆ సంచి వాడుతున్నట్టు ఒక చీటీ జేబులో ఉంచుకోండి; తెలియని ఆసుపత్రిలో చేరాల్సి వస్తే అదే కాపాడుతుంది.

నీరు వెచ్చబెట్టడం దగ్గర ఇళ్లలో రకరకాల పనులు చేస్తుంటారు. చల్లటి నీరు నింపితే వణుకు, పొట్ట పట్టేసినట్టు నొప్పి వస్తాయి. అందుకని వేడినీళ్ల బకెట్లో ముంచుతారు, అది తప్పు. జాయింటు దగ్గర చెమ్మ చేరితే క్రిములు చేరినట్టే. మైక్రోవేవ్ ఒకచోట చల్లగా, ఒకచోట కాలేట్టు చేస్తుంది. పొడి వేడిచ్చే బ్యాగ్ వార్మరే సరైనది. పై కవరు విప్పకుండా పెట్టి, ఒంటి వేడికి వచ్చాక తీయాలి. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల మధ్యాహ్నం అసలు వార్మరే అక్కర్లేదు. అక్కడ సమస్య తిరగబడుతుంది, సంచులు వేడెక్కకుండా చూసుకోవాలి. రేకుల కింద, ఎండ పడే వరండాలో డబ్బాలు పేర్చకండి. ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే గది సంచులకు ఇవ్వాలి, నేలకు ఆనకుండా చెక్కల మీద.

ఆ గది చిన్నదైతే కష్టమే. రోజుకు మూడు చొప్పున నెలకు 90 సంచులు, ఒక్క నీరే 180 కిలోలు. మోసేవాళ్లు కావాలి, ఎలుకలు రాకుండా చూడాలి. పదిహేను రోజుల నిల్వ ఎప్పుడూ చేతిలో ఉండాలి. సంక్రాంతికి రవాణా ఆగినా, వాగు పొంగి దారి తెగినా అదే ఆధారం. సరుకు దిగగానే డ్రైవరు వెళ్లకముందే శాతం, తేదీ, సంఖ్య సరిచూసుకోండి. అడిగిన రకం లేదని వేరే శాతం సర్దే డీలర్లున్నారు. డాక్టరు రాయని శాతాన్ని ఒప్పుకోవద్దు.

ఖర్చు దగ్గర ఈ సెట్‌కు తక్కువ మార్కులే వేయాలి. రోజుకు మూడు సంచులకే నెలకు ఇరవై నుంచి ముప్పై వేల దాకా అవుతుంది; రక్తం పెంచే ఎరిత్రోపోయిటిన్ ఇంజెక్షన్లు, పరీక్షలు వేరే. మిషన్ డయాలిసిస్‌కు రెండు రాష్ట్రాల్లోనూ ఆరోగ్యశ్రీ వరస పథకాల కింద ఉచిత సెంటర్లు ఉన్నాయి. సంచుల విషయం మీ కార్డుకు, మీ ఆసుపత్రికి వర్తిస్తుందో లేదో పైపు వేయించుకోకముందే ఆరోగ్యమిత్ర దగ్గర కూర్చుని తేల్చుకోవాలి, పైపు వేశాక కాదు. డయాలిసిస్ పింఛను కూడా వదులుకోవద్దు: ఆంధ్రప్రదేశ్‌లో నెలకు 10,000, తెలంగాణలో 2,016. ఆంధ్రాలో ఆ డబ్బు సంచుల ఖర్చులో మూడో వంతో సగమో మోస్తుంది.

ఇంత ఖర్చు పెట్టి ఏం లాభమంటే, కిడ్నీ మార్పిడి కోసం ఎదురుచూసేవాళ్లకు ముఖ్యమైనవి కొన్ని దీంతో నిలుస్తాయి. మొదటిది మిగిలిన మూత్రం. మిషన్ మీద నాలుగు గంటల్లో రెండు మూడు లీటర్లు లాగేటప్పుడు బీపీ పడి, కొనఊపిరితో ఉన్న కిడ్నీ ఇంకా దెబ్బతింటుంది. పొట్ట డయాలిసిస్ రోజంతా నెమ్మదిగా లాగుతుంది కాబట్టి మూత్రం ఎక్కువ కాలం నిలుస్తుంది. రోజుకు అరలీటరు మూత్రం వచ్చే మనిషి తాగగలిగే నీళ్లకూ, చుక్క కూడా రాని మనిషి తాగగలిగే నీళ్లకూ ఎంత తేడానో వేసవిలో తెలుస్తుంది. అందుకే డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, ఊరూపేరూ లేని ఆకుమందులు ముట్టుకోకూడదు. రెండోది రక్తం. మిషన్ మీద ప్రతిసారీ పైపుల్లో కొంత రక్తం పోతుంది, సంచుల్లో పోదు. రక్తం తక్కువైనప్పుడల్లా బాటిల్ ఎక్కించడం చాలా ఊళ్లలో మామూలైపోయింది; ఎదురుచూపులో ఉన్నవాళ్లకు అది చేసే చెడు చాలామందికి తెలియదు. వేరేవాళ్ల రక్తం ఎక్కినప్పుడు ఒంట్లో యాంటీబాడీలు పుడతాయి. రేపు కిడ్నీ వచ్చినప్పుడు క్రాస్‌మ్యాచ్, అంటే దాతదీ మీదీ పొసుగుతుందా అని చూసే రక్తపరీక్ష, కుదరకుండా చేసేవి అవే. ఐరన్, ఎరిత్రోపోయిటిన్‌తో హిమోగ్లోబిన్ పది పదకొండు దగ్గర నిలబెట్టుకోవాలి. ప్రాణాపాయమైతే తప్ప రక్తం వద్దనే అడగాలి, ఎక్కిస్తే తేదీ రాసిపెట్టాలి.

మూడోది చేతి నరాలు. పొట్ట డయాలిసిస్‌లో ఉన్నా రాయని చేతిలో సెలైన్ సూదులు గుచ్చనివ్వకండి, రేపు మిషన్ డయాలిసిస్ కోసం చేతి నరాలను కలిపే ఫిస్టులా ఆపరేషన్ అవసరం పడొచ్చు. హెపటైటిస్ బి టీకా కూడా ఈలోగా వేయించుకోవాలి. డయాలిసిస్ రోగులకు డోసు మామూలువాళ్లకు రెట్టింపు, ఆ తర్వాత యాంటీబాడీ వచ్చిందో లేదో పరీక్ష చేయించాలి.

తిండి విషయంలోనూ కొంత వెసులుబాటుంది. మిషన్ వాళ్లకు కొబ్బరినీళ్లు, అరటిపండు, బత్తాయి రసం భయం. సంచుల మీద పొటాషియం రోజూ పోతూనే ఉంటుంది, కొందరికి తక్కువై నీరసం కూడా వస్తుంది. అయితే ఇది నెలవారీ రిపోర్టు చూసి డాక్టరు చెప్పాల్సిన మాట. పొట్ట నీటితో పాటు రోజుకు 5 నుంచి 10 గ్రాముల ప్రొటీన్ పోతుంది, అంటే రెండు గుడ్ల తెల్లసొన అంత. 60 కిలోల మనిషి రోజుకు 60 నుంచి 72 గ్రాములు తినాలి. ‘కిడ్నీ జబ్బు కదా, పప్పు, గుడ్డు మానేయ్’ అని చుట్టాలు ఇచ్చే సలహా డయాలిసిస్‌కు ముందు రోజులది, ఇప్పటిది కాదు. ఊరగాయ, అప్పడం, ఎండుచేప మాత్రం దూరం పెట్టాల్సిందే. ‘లో సోడియం’ ఉప్పు కూడా కొనొద్దు, అందులో ఉండేది పొటాషియం క్లోరైడ్. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర అన్నం మధ్యలో వేసుకుంటేనే పనిచేస్తుంది, గంట తర్వాత వేసుకుంటే దండగ.

పైపు బయటికి వచ్చే చోటును రోజూ చూడాలి. ఎరుపు, చీము, పొక్కు ఉంటే ఫోటో తీసి నర్సుకు పంపండి. రోజుకోసారి శుభ్రం చేసి రాసిచ్చిన ఆయింట్‌మెంట్ పూసి, గొట్టం లాగుడు పడకుండా ప్లాస్టర్ వేయాలి. చెరువు, కోనేరు, నదీ స్నానం వద్దు. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. ఆ నీళ్లు తల మీద చల్లుకుంటే చాలు, మునగకూడదు.

రాత్రిపూట దానంతటదే మార్చే సైక్లర్ మిషన్ కూడా ఉంది. పగలు ఉద్యోగానికి పోయేవాళ్లకు హాయిగా ఉంటుంది, కానీ ఖరీదు, పైగా కరెంటు ఉండాలి. కరెంటు నమ్మకం లేని ఊళ్లో చేత్తో మార్చే సంచులే గట్టివి. పాత ఆపరేషన్లతో పొట్టలో అతుకులు పడ్డవాళ్లకు, హెర్నియా ఉన్నవాళ్లకు రెండూ పనికిరాకపోవచ్చు. పైపు వేసే సర్జన్‌కు పాత కాగితాలన్నీ చూపించండి.

ఇక జాబితా సంగతి. మరణానంతర అవయవాల కేటాయింపు జీవన్‌దాన్ ద్వారా 2013 నుంచి నడుస్తోంది. తెలంగాణ కార్యాలయం హైదరాబాద్ నిమ్స్‌లో ఉంది, ఆంధ్రప్రదేశ్‌కు వేరే జీవన్‌దాన్. అనుమతి ఉన్న మార్పిడి ఆసుపత్రి ద్వారానే పేరు ఎక్కుతుంది. 65 ఏళ్ల పరిమితి, రిజిస్ట్రేషన్ ఫీజు, సొంత రాష్ట్రం షరతు ఉండొద్దని కేంద్రం 2023లో రాష్ట్రాలకు చెప్పింది. స్థానికులకు ఇచ్చే ప్రాధాన్యం గురించి ఆసుపత్రిలోని మార్పిడి కోఆర్డినేటర్‌ను అడగండి. ఓ గ్రూపు వాళ్లకు ఎదురుచూపు ఎక్కువ కావచ్చు, ఓపిక పట్టాలి. వరస ముందుకు జరుపుతామని డబ్బు అడిగేవాళ్లెవరైనా మోసగాళ్లే. జాబితాలో ఉన్నా ఇంట్లో తల్లిదండ్రులో, తోడబుట్టినవాళ్లో, భార్యాభర్తలో ఇవ్వగలరా అన్న పరీక్షలు ఆపకూడదు.

ఫోన్ ఏ రాత్రయినా రావచ్చు. మూడు నంబర్లు ఇచ్చి ఉంచండి, మూడింటిలో ఒకటైనా సైలెంట్‌లో లేకుండా చూసుకోండి. పిలుపు రాగానే తినడం, తాగడం ఆపాలి. బయల్దేరే ముందు వ్యవధి ఉంటే పొట్ట నీరు పూర్తిగా వదిలి, తేటగా ఉందో లేదో చూసి, మూత పెట్టి కదలాలి. నీరు మసకగా ఉంటే దాచొద్దు, అప్పుడే చెప్పాలి. ఈమధ్య జ్వరం, ఇన్ఫెక్షన్, ఎక్కించిన రక్తం ఏదున్నా చెప్పాలి. ఫైల్లో ఎకో (గుండె స్కాన్), హెపటైటిస్, హెచ్‌ఐవీ రిపోర్టులు, మందుల చీటీ, నీటి లెక్కల నోటుబుక్కు ఉండాలి. ఆపరేషన్ జరగకపోతే వాడుకోవడానికి రెండు సంచులు, నాలుగు మూతలు వెంట ఉంచండి. ఒక కిడ్నీకి ఇద్దరు ముగ్గురిని పిలుస్తారు, క్రాస్‌మ్యాచ్ కుదిరినవాళ్లకే వేస్తారు. ఒకసారి వెళ్లి తిరిగి రావడం చాలామందికి జరిగేదే. తిరిగి వచ్చిన రాత్రి కూడా సంచి మార్చుకోవాల్సిందే.

కిడ్నీ మార్పిడి అయ్యాక పొట్ట పైపు వెంటనే తీయరు. కొత్త కిడ్నీ నిలదొక్కుకునేదాకా కొన్ని వారాలు ఉంచి తీస్తారు. అన్నాళ్లూ పైపు దగ్గర శుభ్రం చేయడం మానకూడదు. మిగిలిపోయిన సంచులను ఎండలో వదిలేయకండి. పై కవరు విప్పనివి, తేదీ ఉన్నవి ఆసుపత్రి పీడీ (పొట్ట డయాలిసిస్) నర్సుకు చెప్పండి. అదే రకం జాయింటు ఉండి, ఈ నెల సంచులకు డబ్బు చాలని రోగి ఎవరో ఆవిడకు తెలిసే ఉంటుంది.